లీటరుకు పద్నాలుగున్నర

ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే జానీ తన నిర్ణయం చెప్పేశాడు. జనవరి నుంచి కారు తమ్ముడు సురేశ్ నడుపుతాడు. భార్య గ్లోరీ ఇంటిపట్టున ఉండవచ్చు.

అక్టోబరులో లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చిన బండి డిసెంబరు వచ్చేసరికి పద్నాలుగుకు పడిపోయింది. బండి అదే, దారి అదే. కల్వకుర్తి నుంచి పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరి బడికి పొద్దున ముగ్గురు టీచర్లను దింపి రావాలి, సాయంత్రం మళ్లీ వెళ్లి తీసుకురావాలి. బండిలో తప్పు లేదు, దారిలో తప్పు లేదు, కాబట్టి తప్పు నడిపే మనిషిదేనని జానీ తేల్చాడు.

"నీకు చెయ్యి తిరిగింది. భయం పోయింది. భయం పోయినంక తొక్కుడు ఎక్కువైతది," అన్నాడు.

గ్లోరీకి డ్రైవింగ్ నేర్పింది అతనే. ఇరవై ఏళ్లు అమ్రాబాద్ అడవి దారుల్లో జీపు నడిపిన మనిషి. రెండేళ్ల కింద జీపు పల్టీ కొట్టి ఎడమ మోకాలు పాడైంది, క్లచ్ తొక్కలేడు. ఇంటి ముందు గదిలో బండ్ల సీటు కవర్లు కుట్టుకుంటూ, ముప్ఫై ఎనిమిదేళ్ల భార్యను మార్కెట్ యార్డు మైదానంలో తిప్పితిప్పి డ్రైవరును చేశాడు. ఇప్పుడు ఆమెకు ఆ స్టీరింగు జీతం కన్నా ఎక్కువ. టీచర్లను దింపి ఖాళీ కారుతో తిరిగొచ్చే పావుగంట ఆమెను ఎవరూ ఏమీ అడగరు. కూర ఏమిటని అడగరు, చొక్కా గుండీ ఎక్కడ పడిపోయిందని అడగరు.

ఆమె ఏడవలేదు, అలగలేదు. ఒక్క వారం అడిగింది. మూడు రోజులు సురేశ్ నడపాలి, మూడు రోజులు తను నడపాలి. ఒకే బంకులో టాంకు నింపించి, మళ్లీ అక్కడే నింపించి చూడాలి. ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లదే స్టీరింగు. హైదరాబాద్‌లో క్యాబ్ నడిపి వచ్చిన సురేశ్‌కు నవ్వొచ్చింది. వదినతో పందెమా అన్నాడు. జానీ మాత్రం సరేనన్నాడు.

సోమవారం సురేశ్ వంతు. బయలుదేరే తొందర లేక పొద్దున ఆరున్నరకు గ్లోరీకి చేతుల్లో పని లేదు. ఎప్పుడూ ఆ సమయానికి ఆమె వంటింట్లో ఉండేది, డబ్బాలు సర్దుతూ, వేణ్ణీళ్లు తోడుతూ. బయట కారు మోగడం వినపడేది. అది పొద్దుటి చప్పుళ్లలో ఒకటి, అంతే. ఈ రోజు శాలువా కప్పుకుని గడపలో కూర్చుని మొదటిసారి చూసింది.

జానీ టీ గ్లాసుతో వచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తాళం తిప్పాడు. బండి దడదడలాడి అందుకుంది. కూర్చున్నాడు. టీ తాగాడు. దిగి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఇంకా గరం కాలేదన్నట్టు తల ఆడించి మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. అతని ముఖం అంత నెమ్మదిగా ఉండడం ఆమె ఈమధ్య చూడలేదు. గోడ గడియారంలో ఇరవై రెండు నిమిషాలు గడిచాయి. సురేశ్ వచ్చి కూర్చునేసరికి కారు గేటు దాటలేదు గానీ పెట్రోలు మాత్రం ఎంతో దూరం పోయింది.

నెలరోజులుగా గ్లోరీని దోషిగా నిలబెట్టిన లెక్క ఆ సీట్లోనే కూర్చుని టీ తాగుతోంది. సాయంత్రం టీచర్ల కోసం బయలుదేరే ముందు కూడా అతను పది నిమిషాలు అలాగే మోగించాడు. చలికాలం వస్తే జీపుకు అలా చేయకపోతే అడవిలో కదిలేది కాదట. భార్యకు చల్లటి బండి ఇవ్వకూడదని ఇక్కడా అదే చేస్తున్నాడు.

అయినా అంతా అదేనా అని అనుమానం. స్నానాల గదిలో కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంది. దాన్ని ఎండలో పెడుతూ ఆగిపోయింది. ఇంజనులోనూ నూనే కదా ఉండేది. గడ్డకట్టకపోయినా చిక్కబడుతుంది కదా. చిక్కటి నూనెలో తిరగాలంటే ఇంజనుకు ఎంత బలం కావాలి.

ఆగలేక కొంగు సర్దుకుని, టైర్లకు గాలి కొట్టే మక్సూద్ భాయ్ దుకాణానికి దాదాపు పరుగెత్తింది. అతను చేతిలో పంక్చరు ట్యూబు పెట్టుకునే విన్నాడు. ఆమె మాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే నవ్వాడు.

"జర ఊపిరి తీస్కో చెల్లె. జానీ చేసేది జీపు లెక్క. గీ బండికి లోపట కంప్యూటర్ ఉంటది. ఇంజన్ సల్లగున్నంతసేపు అదే పెట్రోల్ ఎక్కువ పోస్తది. నిలబెట్టి మోగిస్తే గరమయ్యేది ఆలస్యం. నడుస్తుంటే జల్ది గరమైతది. ఒక్క నిమిషం మోగనిచ్చి మెల్లగ కదిలియ్యి, సాలు."

పదకొండు కిలోమీటర్లంటే ఇంజను పూర్తిగా వేడెక్కేలోపే సగం దారి అయిపోతుందని, అందుకే చలికాలంలో దగ్గర దారుల బండ్లకు దెబ్బ ఎక్కువని కూడా చెప్పాడు. తర్వాత టైర్ల సంగతి అడిగాడు. గాలి ఎప్పుడు కొట్టించారంటే ఆమెకు గుర్తు రాలేదు. దసరాకు ముందెప్పుడో. చలికి లోపలి గాలి ముడుచుకుంటుందని, మెత్తబడ్డ టైరు రోడ్డును పట్టుకుని వేలాడుతుందని అన్నాడు.

బుధవారం సాయంత్రం బంకులో సురేశ్ లెక్క తేలింది. నూట ముప్ఫై రెండు కిలోమీటర్లు, లీటరుకు పద్నాలుగున్నర. గ్లోరీ కన్నా అర కిలోమీటరు ఎక్కువ.

"వదినా, బ్రేకు మీద కాలు పెట్టి నిద్రపోతవా ఏంది?" అన్నాడు సురేశ్.

గ్లోరీ ఇంటికి వచ్చాక జానీతో ఒక్కటే షరతు పెట్టింది. ఈ మూడు రోజులు అతను తాళం ముట్టకూడదు. జానీ ముఖం ఎర్రబడింది. చల్లటి ఇంజన్ ఎట్ల తీస్తవ్, ఖరాబైతదని అరిచాడు. తన ఇరవై ఏళ్ల అనుభవం గుర్తు చేశాడు. ఆమె తాళం కొంగున కట్టుకుంది.

గురువారం పొద్దున మక్సూద్ భాయ్ ఇచ్చిన చిన్న మీటరుతో చూస్తే ముప్ఫై మూడు పౌండ్లు ఉండాల్సిన గాలి ఇరవై ఏడే ఉంది. నాలుగు టైర్లూ సరిచేయించింది. ఏడుంబావుకు తాళం తిప్పి, అరవై లెక్కపెట్టి కదిలింది. మొదటి రెండు కిలోమీటర్లు గుడ్డు పట్టుకున్నట్టు నడిపింది. మంచు దిగిన రోడ్డు మీద బండి కాసేపు బద్ధకించి, తర్వాత ఒక్కసారిగా తేలికైంది. ఆ మార్పు ఆమెకు అరికాళ్లలో తెలిసింది. వెనక సీట్లో భాగ్యశ్రీ టీచర్, గ్లోరీ ఈ రోజు పాట పాడుతోందేమిటని పక్కావిడను అడిగింది.

శనివారం సాయంత్రం అందరూ బంకుకు వచ్చారు. పైపు పెట్టించి, గ్లోరీ మీటరు ముందు నిలబడింది. అయిదు. ఆరు. ఆరున్నర. అంకెలు తిరుగుతున్నాయి. ఏడు దాటింది. ఏడున్నర దాటింది. సురేశ్‌కు పట్టినట్టే తొమ్మిది లీటర్లు వస్తే అంతా అయిపోయినట్టే. ఏడు పాయింట్ ఎనిమిది తొమ్మిది దగ్గర పైపు టక్కున ఆగింది.

జానీ ఫోన్‌లో లెక్క వేశాడు. చెరిపి మళ్లీ వేశాడు. పదహారు పాయింట్ ఏడు.

సురేశ్ ఈల వేసి, జేబులోని రెండో తాళం తీసి వదిన చేతిలో పెట్టాడు. జానీ ఇంకా ఫోన్ చూస్తూనే ఉన్నాడు.

"అయితే నేనే తాగించిన్న?" అన్నాడు చివరకు.

ఈ మాట కోసం ఆమె మూడు రోజులుగా ఎంత ఎదురు చూసిందో. చెప్పాల్సిన జవాబులు కూడా వరుసగా పెట్టుకుంది. తీరా అతను అలా అడిగేసరికి వాటిని పక్కన పెట్టింది.

"నువ్వు కొంత, గాలి కొంత. మిగిలింది చలి. అది ఎవరు నడిపినా తాగుతది," అంది.

అతను తలూపాడు. మెల్లగా, "మరి పొద్దుగాల నాకేం పని?" అన్నాడు.

పక్క సీట్లో కూర్చుని రమ్మందామని నోటి దాకా వచ్చింది. తిరుగు దారిలోని ఆ పావుగంట గుర్తొచ్చి ఆగింది.

"టైర్ల గాలి పొద్దుగాల, బండి కదలకముందే చూడాలెనట. సల్లగున్నప్పుడే సరిగ్గ తెలుస్తదట. ఆ మీటర్ నీకిస్త. ఇంజన్ ఆయిలు కూడ నువ్వే చూడు. నాకు గదంత తెల్వది," అంది.

"గాలి నువ్వు ఒక్క పౌండు ఎక్కువ కొట్టిచ్చినవ్. ఎనక ఎడమది. చూస్తనే తెలుస్తాంది," అన్నాడు జానీ, అప్పటికే ఆ టైరు వైపు నడుస్తూ.

తర్వాత ముందు సీట్లో కుంటి కాలు సర్దుకుని కూర్చున్నాడు. సురేశ్ వెనక ఎక్కాడు. గ్లోరీ బంకు దాటించి శ్రీశైలం రోడ్డు మీదికి తిప్పింది.

"నాలుగో గేరు ఎయ్యి," అన్నాడు జానీ.

అప్పటికే వేసింది.