సాంచికి ఎన్ని మెట్లు?

నేను ఒక గోడపటాన్ని. ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. పైన ఒక కర్ర, కింద ఒక కర్ర, వెనక గుడ్డ, ముందు వార్నీషు. నెత్తిన 'భారతదేశం - చారిత్రక ప్రదేశాలు' అని పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. మద్రాసులో అచ్చయ్యాను. నాతోపాటు పుట్టినవాళ్ళందరినీ కట్టలు కట్టి తలో దిక్కుకీ పంపేశారు. నేను కంభం దగ్గర ఒక పల్లెలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకి వచ్చిపడ్డాను. ఒళ్ళంతా దేశమే అయినా, ఇరవై ఏడేళ్ళు ఆ బడి గేటు దాటి ఎరగను.

మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. ఇంత దేశాన్ని ఎదురుగా వేలాడదీస్తే వాళ్ళు మొదట వెతుక్కునేది సొంత ఊరినే. అది నామీద లేదు. అచ్చువేసినవాళ్ళకి ఆ ఊరొకటి ఉందని తెలియదు. అయినా ఏటా కొత్తగా వచ్చిన పిల్లలు "ఇక్కడ్రా మనూరు" అని వేలు పెట్టి పొడవడం మానలేదు. ఆ పొడుపులకి కర్నూలుకీ ఒంగోలుకీ మధ్య రంగంతా పోయి గుడ్డ బయటపడింది. ఢిల్లీ గతి మరీ ఘోరం. బెత్తం కొన తగిలీ తగిలీ అక్కడ శనగగింజంత చిల్లు పడింది. రాష్ట్రాలు కొత్తగా పుట్టినప్పుడల్లా నామీద నల్లసిరాతో గీతలు గీశారు. కదలకుండా గోడకి వేలాడుతున్నదాన్ని ఎలా తప్పైపోతానో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ గీతలు గీసింది సోషల్ టీచరు వకుళాదేవి. పిల్లలకి వకుళ మేడం. నేనూ ఆవిడా ఒకే ఏడాది ఆ బడికి వచ్చాం. అప్పటికి ఆవిడకి ఇరవై నాలుగేళ్ళు. చేరిన నెలలోనే ఎనిమిదో తరగతికి సాంచి స్తూపం పాఠం చెప్పింది. నాలుగు తోరణాలూ, వాటి మీద చెక్కిన ఏనుగులూ, అన్నీ చెప్పాక ఒక పిల్లవాడు లేచాడు.

"మీరు చూశారా మేడం?"

ఒక్క క్షణం తడబడింది. తరవాత "చూశాను" అంది.

అంతే, ఆ ఒక్క మాట. చూడలేదని చెబితే పిల్లలు వినరేమోనని భయపడింది, పాపం. సాంచి చూసిన మనిషి అజంతా చూడకుండా ఉంటుందా? కోణార్క్ మాత్రం ఏం పాపం చేసింది? రెండేళ్ళు తిరిగేసరికి ఆవిడ చూడని చోటు నామీద మిగల్లేదు. నిజానికి ఆవిడకి బస్సు పడదు. ఉద్యోగంలో చేరడానికి ఒంగోలు నుంచి వస్తూ దారిలో ఏడుసార్లు వాంతి చేసుకుంది. ఆ దెబ్బకి బడి ఎదురుగానే ఇల్లు అద్దెకి తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రం గంట కొట్టాక స్టాఫ్‌రూములో నన్ను బల్లమీద పరుచుకుని, మూలలకి చాక్‌పీసు పెట్టెలు ఆనించి, పక్కన నాలుగు పుస్తకాలు పెట్టుకుని, రేపు చెప్పబోయే ఊరిమీద వేలు పెట్టి మెల్లగా నిమిరేది. చూశానన్న మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ చదివినంత, చూసొచ్చినవాళ్ళు కూడా చదివి ఉండరు. నాకు ఆవిడంటే చాలా ఇష్టం. నేను చెప్పేవీ చూడనివే కదా.

ఇక మౌలాలి. ఆ బడి అటెండరు. ఇరవై నాలుగేళ్ళు నన్ను చుట్టి, భుజాన వేసుకుని, స్టాఫ్‌రూము నుంచి తరగతికీ, తరగతి నుంచి స్టాఫ్‌రూముకీ మోశాడు. నన్ను మేకుకి తగిలించాక వెళ్ళిపోయేవాడు కాదు. గుమ్మం బయట గోడకి ఆనుకుని పాఠమంతా వినేవాడు. తను చదివింది ఐదో తరగతే. అయినా నా మీద ఏ చుక్క ఏ ఊరో కళ్ళు మూసుకుని చెప్పగలడు.

అన్నిటికంటే అతనికి నచ్చింది సాంచి తోరణం మీది ఒక బొమ్మ. బుద్ధుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయే ఘట్టం. ఆ రోజుల్లో బుద్ధుడి బొమ్మ చెక్కేవారు కాదు. అందుకని గుర్రం ఉంటుంది, గుర్రం మీద ఎవరూ ఉండరు. పక్కన నౌకరు మాత్రం ఆ ఖాళీ జీనుకి గొడుగు పట్టి నడుస్తుంటాడు. వకుళ మేడం అది చెప్పిన రోజు మౌలాలి గంట కొట్టడం మరిచిపోయాడు. హెడ్మాస్టరు చేత చీవాట్లు కూడా తిన్నాడు.

"కనపడని దొరకి గొడుగు పట్టినోడి మొగం ఎట్టా ఉంటదో చూడాల మేడం," అన్నాడు ఆ సాయంత్రం నన్ను చుడుతూ.

ఆ మాట అంటూ అంటూ అరవైకి వచ్చాడు. ఆగస్టు నెలాఖరుకి రిటైర్మెంటు. జూన్‌లో బడి తెరవగానే ఒకరోజు గంట కొట్టాక పాత ప్రశ్నపత్రం ఒకటి తెచ్చి మేడం ముందు పెట్టాడు. దాని వెనక పెన్సిలుతో ప్రయాణం ప్లాను రాసుంది. దసరా సెలవుల్లో తనూ, భార్య బీబీజానూ, మేడమూ.

"అన్నీ చూసినోరు పక్కనుంటే మాకు బెదురుండదు. మా ఆడమనిషి కూడా మీరొస్తేనే వస్తానంటా ఉంది."

మేడం ముఖం పాలిపోయింది. ఆ సంగతి మౌలాలికి కనపడలేదు. అతను నామీద వేలు పెట్టి ప్లాను వివరించే పనిలో ఉన్నాడు. దేశాన్ని పటంలోనే ఎరిగినవాడు తప్ప ఇంకెవరూ అలాంటి ప్లాను వెయ్యరు. పొద్దున సాంచి. అక్కడి నుంచి అజంతా జానెడే కనక మధ్యాహ్నం భోజనానికి అక్కడికి. పొద్దుగూకేలోగా ఎల్లోరా. మర్నాడు ఆగ్రా. తిరుగుదారిలో కోణార్క్, ఎలాగూ సముద్రం పక్కనే కనక కొంచెం స్నానం. ఆరు రోజుల్లో, వేలు ఎత్తకుండా, దేశం మొత్తం తిరిగొచ్చి కంభంలో దిగాడు.

మేడం నవ్వాపుకోలేకపోయింది. నా కిందిమూల ఉన్న స్కేలు చూపించి, బీబీజాను కుట్టుమిషను దారం తెప్పించి, జానెడంటే ఎన్ని వందల కిలోమీటర్లో కొలిచి చెప్పింది. ఆ దారంతో వాళ్ళిద్దరూ నామీద నెలరోజులు తిరిగారు. ఒక రోజు కోణార్క్ ఎగిరిపోయింది. ఇంకో రోజు ఆగ్రా. బీబీజాను బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పొయ్యి ముందు కూర్చుని లేచి, కూర్చుని లేచి ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మోకాళ్ళని లెక్కలోకి తీసుకున్నాక ఎల్లోరా పోయింది, అజంతా పోయింది. చివరికి అంత దేశంలోనూ ఒక్క చుక్క మిగిలింది. సాంచి.

మేడం మధ్యమధ్యలో తప్పించుకోబోయింది. వానలన్నది, పరీక్ష పేపర్లన్నది. అయినా సాయంత్రమయ్యేసరికి దారం తీసుకుని ఆవిడే ముందు కూర్చునేది. ప్రయాణం వద్దనుకునే మనిషి రైలు ఎన్నింటికి సాంచి దగ్గరి భోపాల్ చేరుతుందో అంత ఆత్రంగా చూస్తుందా?

ఆగస్టు మొదట్లో ఒక సాయంత్రం మౌలాలి మామూలుగా అడిగాడు.

"మేడం, సాంచిలో గుట్టెక్కాలంటిరి గదా. మెట్లెన్ని ఉంటయ్యి?"

అలాంటి ప్రశ్న ఆవిడని ఇరవై ఏడేళ్ళలో ఒక్క పిల్లవాడూ అడగలేదు. తోరణాలు ఎన్నో, కట్టించింది ఎవరో అడిగారు గాని మెట్లెవరు అడుగుతారు? ఆవిడ పుస్తకాల్లో అది లేదు. నామీద అసలే లేదు.

"ఎన్నో లేవు. పదో పదిహేనో," అంది.

"అయితే మా ఆడమనిషి ఎక్కుతాది," అని మౌలాలి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ కబురు చెప్పడానికి వెంటనే వంటగది వైపు వెళ్ళాడు.

మేడం దారం చుట్టేసి పక్కన పెట్టింది. పిల్లలకి చెప్పిన అబద్ధంతో ఎవరికీ నొప్పి కలగలేదు. ఇది అలాంటిది కాదు, మోకాళ్ళు అరిగిన ఒక మనిషి దీన్ని నమ్మి ఊరు కాని ఊళ్ళో గుట్ట ఎక్కబోతోంది. మర్నాడు సాయంత్రం మౌలాలి నన్ను బల్లమీద పరుస్తుంటే ఆవిడ కూర్చోలేదు.

"మౌలాలీ, ఆ మెట్లు ఎన్నో నాకు తెలియదు."

"మరిచిపోయుంటారు లే మేడం. ఎప్పుడో చూసుంటిరి."

"మరిచిపోలేదు. నేను సాంచి చూడలేదు."

మౌలాలి వేలు నా మీద కిందికి జరిగింది.

"అజంతా?"

"చూడలేదు."

"కోణార్కు?"

తల అడ్డంగా ఊపింది.

"ఈ హంపి అన్నా? మన పక్కనే గదా!"

"అదీ లేదు మౌలాలీ. ఏదీ లేదు."

"ఇరవై నాలుగేళ్ళుగా మా ఇంట్లో మీ గురించి చెప్పి చెప్పి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. నన్ను చుట్టేశాడు. బొమ్మ లోపలికి ఉండేలా చుట్టాలని అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు తిరగేసి చుట్టాడు, అది కూడా గమనించుకోలేదు. నాకు ఒళ్ళంతా పెళపెళలాడింది. అంతకంటే మనసు నొచ్చుకుంది.

తరవాత ఐదారు రోజులు నన్ను తెచ్చి తగిలించి, గుమ్మం దగ్గర ఆగకుండా వెళ్ళిపోయాడు. వకుళ మేడం పాఠం మధ్యలో గుమ్మం వైపు చూసేది. మాట తడబడేది. ఆ గోడకి ఆనుకుని ఒక మనిషి వింటుంటే తప్ప ఆవిడకి పాఠం సాగదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడకీ అప్పుడే తెలిసి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం బీబీజాను కుంటుకుంటూ స్టాఫ్‌రూముకి వచ్చింది. చేతులకి ఇంకా పప్పు వాసన.

"మేడం, మా ఆయన సరిగ్గా అన్నం తినట్లేదు. నాకంతా చెప్పినాడు. మెట్లు ఎన్నుంటే ఏముందమ్మా, కూకుంటా లేస్తా నేనెక్కుతా. మీరు మాత్రం రాననబాకండి."

మేడం ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆ రోజే చివరి పీరియడు ఎనిమిదో తరగతి. అశోకుడి పాఠం. మేడం బెత్తం సాంచి మీద పెట్టి, తీసేసి, పిల్లల వైపు తిరిగింది.

"మీకొకటి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఇవన్నీ చూశానని చెప్పాను. చూడలేదు. చదివి చెప్పాను. ఒక్క చోటుకీ వెళ్ళలేదు."

ఇంతకాలం ఏ మాటకి భయపడి బతికిందో ఆ మాట అనేసింది. పిల్లలు నవ్వలేదు, గుసగుసలాడలేదు. వెనక బెంచీలో ఒకడు పెన్నుకి మూత పెట్టుకున్నాడు, అంతే. ముందు వరసలో ఒక పిల్ల మాత్రం చెయ్యి ఎత్తింది.

"అయితే ఎప్పుడు చూస్తారు మేడం?"

ఆ పిల్ల చెయ్యి దించకుండా ఎదురుచూస్తోంది.

"దసరా సెలవులిచ్చిన మర్నాడు," అన్నది గుమ్మం దగ్గర గొంతు. "మూడు టికెట్లు తీసినాను."

మౌలాలి! అన్నేళ్ళలో పాఠం జరుగుతుండగా గడప దాటి ఒక్కసారీ లోపలికి రాని మనిషి, పిల్లలందరి మధ్యనుంచి నడిచి వచ్చి బల్లమీద టికెట్ల కాగితం పెట్టాడు. పెట్టి, మళ్ళీ గుమ్మం బయటికి పోయి గోడకి ఆనుకున్నాడు. మేడం నా వైపు తిరిగి బంగాళాఖాతాన్ని చాలాసేపు పరిశీలించింది. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవని నాకు తెలుసు. ఆవిడ కళ్ళు పిల్లలకి కనపడకూడదని అలా నిలబడింది.

నెలాఖరున మౌలాలికి సన్మానం చేశారు. కొత్త సరిహద్దులతో కొత్త పటం కూడా ఆ వారమే వచ్చింది. నన్ను పనికిరాని సామాన్ల జాబితాలో రాశారు. హెడ్మాస్టరు శాలువా కప్పి "ఇంకేం కావాలయ్యా?" అంటే, "ఆ పాత మ్యాపు ఇప్పించండి సార్," అన్నాడు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

అలా నేను కూడా బయల్దేరాను. భుజాన నేను లేకపోతే మేడం పక్కన నడవడం చేతకాదన్నాడు మౌలాలి. కంభం స్టేషను దాకా బస్సులో మేడం నిమ్మకాయ వాసన చూస్తూనే ఉంది. రైలు మాత్రం ఆవిడకి హాయిగా పడింది. కిటికీ పక్కన కూర్చుని, పేరు తెలియని ప్రతి స్టేషనునీ బయటికి చదివింది. మౌలాలి నన్ను బెర్తు మీద పరిచి వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాడు. ఒక పగలంతా పరిగెత్తినా వేలు పెద్దగా జరగలేదు.

"ఇంత పెద్దదా మేడం ఇది!" అన్నాడు.

నాకూ ఆశ్చర్యంగానే ఉంది.

సాంచిలో దిగేటప్పుడు నన్ను చుట్టి బీబీజాను పాత చీరలో మూట కట్టారు. అందుకని నేను చూసిందేమీ లేదు, వినడమే. గుట్ట ఎక్కుతూ బీబీజాను మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మధ్యలో కూర్చున్నచోట, భాష కూడా సరిగ్గా కలవని ఒక ముసలావిడతో మోకాళ్ళ గురించి మాటల్లో పడి లెక్క మరిచిపోయింది. కాసేపాగి మళ్ళీ లేచింది. ఒక పక్క మౌలాలి, ఒక పక్క మేడం పట్టుకున్నారు.

పైకి చేరాక గాలి విసురుగా తగిలింది. అడుగులు ఆగిపోయాయి. మౌలాలి నన్ను భుజం మీంచి దించి నేలమీద నిలబెట్టాడు.

"మేడం, గుర్రం ఏ తోరణం మీదుంటది? చెప్పండి."

ఈ చోటు గురించి ముప్పావుగంట ఊపిరి తిప్పుకోకుండా చెప్పే మనిషి. ఆవిడ నోట మాట రాకపోవడం ఇన్నేళ్ళలో నేను ఎరగను.

"మేడం?"

"ఉండు మౌలాలీ," అంది వకుళ మేడం. "కాసేపు నన్ను చూడనీ."