వాలెట్‌లో మూడో పేరు

సుధాకరరావు పొద్దున్నే కాఫీ తాగుతూ ఈమెయిళ్లు చూసుకుంటుంటే, ఎప్పుడో మరిచిపోయిన క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఒకటి ఆయన్ని పేరు పెట్టి పలకరించింది. సింగపూర్‌లో దుకాణం కట్టేస్తున్నామనీ, నెలాఖరులోగా మీ కాయిన్లు మీ సొంత వాలెట్‌లోకి మార్చుకోవాలనీ దాని సారాంశం.

ఆయన సింగపూర్‌లోనే, తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. సొంతూరు కాకినాడ. యార్డులో అందరూ కొంటున్న రోజుల్లో ఆయన కూడా సరదాగా కాసిని ఈథర్ కాయిన్లు కొని వదిలేశాడు. భార్య పోయి చాలా ఏళ్లయింది. బుకిట్ పంజాంగ్‌లో పాత ఫ్లాట్‌లో ఒక్కడే ఉంటాడు. వంట వచ్చు, నడక అలవాటు, తీరిక బోలెడు. ఇప్పుడు చేతినిండా పని కూడా దొరికింది.

ఇంట్లోంచి బయటికెళ్లాక, సైన్స్ పార్కులో ఉద్యోగం చేసే కూతురు కీర్తికకి ఫోన్ చేశాడు.

"ఇంకో ఎక్స్ఛేంజ్‌లో పెట్టేయ్ లా, నాన్నా. వై సో కాంప్లికేటెడ్?" అంది కీర్తిక. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఆమె తెలుగు ఎప్పుడూ అలా సగం దారిలో ఇంగ్లీషుకీ, సింగపూర్‌వాళ్ల "లా"కీ రైలు మారుతుంది.

"ఒకడు తలుపులు మూసేస్తున్నాడని పట్టుకెళ్లి ఇంకొకడింట్లో పెడతానా? రేపు వాడూ మూసేస్తేనో? తాళంచెవి నా దగ్గరే ఉండాలమ్మా."

ఆ మాట గట్టిగానే అన్నాడు. అప్పటికే ఆయన కమ్యూనిటీ క్లబ్‌లో పెద్దవాళ్లకు పెట్టిన ఫోన్ క్లాసులో కూర్చుని ఉన్నాడు. ఆ పూట పాఠం హాకర్ సెంటర్‌లో, అంటే తిండి స్టాళ్లన్నీ ఒక్కచోట ఉండే చోట, ఫోన్‌తో డబ్బు కట్టడం. పాఠం నడుస్తుండగానే ఆయన బల్ల కింద ఫోన్ పెట్టుకుని క్రిప్టో వాలెట్ల కోసం వెతికాడు. కుప్పలు తెప్పలుగా వచ్చాయి. ఊదారంగు బొమ్మ ఉన్నదానికి నిండుగా అయిదు నక్షత్రాలున్నాయి. దాన్ని దించుకుందామని వేలు పెట్టబోయాడు.

"అది వద్దండి" అంది పక్క కుర్చీలోని ఆవిడ.

సుధాకరరావు ఉలిక్కిపడ్డాడు. "మీరు తెలుగువాళ్లాండి?"

"కరీంనగర్. మీరు బిడ్డతోని మాట్లాడుతుంటే విన్న. అంత గట్టిగ మాట్లాడితే వినక తప్పుతదా?"

ఆవిడ పేరు సరోజిని. చైల్డ్‌కేర్ సెంటర్‌లో టీచరుగా చేసి ఈమధ్యనే మానేసింది. భర్త లేడు. ఎల్‌ఆర్‌టీ రైల్లో రెండు స్టేషన్ల అవతల ఉంటుంది. ఆమెకూ అదే ఎక్స్ఛేంజ్ నుంచి అదే ఈమెయిల్ వచ్చింది. అరవయ్యో పుట్టినరోజుకి అక్క కొడుకు నిశాంత్ అవే కాయిన్లు కానుకగా ఇచ్చాడట.

"చీర కొనియ్యరా అంటే, పిన్నీ ఇదే ఫ్యూచర్ అన్నడు. ఇప్పుడు ఫ్యూచర్‌ని ఎక్కడ దాచాల్నో తెలుస్తలేదు" అంది.

"మరి ఈ ఊదారంగుది ఎందుకొద్దన్నారు? అయిదు నక్షత్రాలున్నాయి కదండీ."

"అయిదు నక్షత్రాలు ఇచ్చినోళ్లని కాదండి, ఒక్కటి ఇచ్చినోళ్లు ఏమంటున్నరో చూడాలె" అని ఆమె ఆయన ఫోన్ తీసుకుని కిందికి జరిపింది. మెచ్చుకున్నవాళ్లంతా ఒకేలాంటి రెండు ముక్కల్లో మెచ్చుకున్నారు. తిట్టినవాళ్లు మాత్రం ఎవరి బాధ వాళ్లు వివరంగా రాశారు. సాయం చేస్తామంటూ కంపెనీవాళ్లు మెసేజ్ పెట్టారనీ, పన్నెండు మాటలు అడిగారనీ, చెప్పగానే వాలెట్ ఖాళీ అయిందనీ.

ఆ పన్నెండు మాటల సంగతి సుధాకరరావు చదివే ఉన్నాడు. వాలెట్ మొదలుపెట్టగానే అది వరసగా కొన్ని మాటలిస్తుంది. అసలు తాళంచెవి అవే. ఫోన్ పోయినా అవి మన దగ్గరుంటే కాయిన్లు దొరుకుతాయి. అవి ఇంకొకడికి తెలిస్తే మాత్రం, ఫోన్ మన జేబులో ఉండగానే కాయిన్లు మాయమవుతాయి. వాటిని ఎవరడిగినా దొంగేనని కూడా చదివాడు. చదివి కూడా నక్షత్రాలు చూసి పడిపోబోయినందుకు కొంచెం సిగ్గుపడ్డాడు.

"క్లాసయ్యాక టీ తాగుదామాండి?" అని అడిగాడు. "ఇద్దరం కలిసి వెతుక్కుంటే బాగుంటుందేమో."

అలా మొదలైంది. రోజూ పొద్దున్న ఎండ ముదరకముందే హాకర్ సెంటర్‌లో కలిసేవారు. సరోజిని ముందే వచ్చి ఫ్యాను కింద బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్ల భాషలో చోటు చోప్ చేసి ఉంచేది. ఆయన తనకి కోపీ, అంటే ఇక్కడి కాఫీ, ఆమెకి తేహ్, అంటే టీ, తెచ్చేవాడు. పూటకో యాప్‌ని ముందు పెట్టుకుని పెళ్లిచూపులకొచ్చిన వరుణ్ణి అడిగినట్టు ఆరా తీసేవారు. ఎవరు తయారు చేశారు, ఎన్నాళ్ల నుంచి ఉంది, లోపలి కోడ్ నలుగురూ చూసేలా పెట్టారా, బయటివాళ్లెవరైనా పరీక్షించారా.

ఒక యాప్ దించుకోగానే కాంటాక్ట్‌లన్నీ చూపించమంది.

"నా కాయిన్లు దాచేటందుకు మా ఆడబిడ్డ నంబరెందుకు దీనికి?" అని సరోజిని దాన్ని అక్కడికక్కడే తీసేసింది.

ఇంకోదాని కంపెనీ చిరునామా సుధాకరరావు మ్యాపులో వెతికాడు. ఏదో దూరపు దీవిలో గోళ్ల రంగులు వేసే దుకాణం కనిపించింది. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుకున్నారు. పక్క బల్లమీద ఉన్న చైనీస్ పెద్దాయన, విషయం తెలియకపోయినా, వాళ్లతోపాటు నవ్వాడు.

చివరికి కొన్ని మంచివి మిగిలాయి. కానీ వాటిలో చాలావాటికి ఆ పన్నెండు మాటలు కాగితం మీద రాసి దాచుకోవాలి. సుధాకరరావుకి బెంగ పట్టుకుంది.

"నేను దాచినవి నాకే దొరకవండి. ఒకసారి పాస్‌పోర్టు భద్రంగా ఉంటుందని బియ్యం డబ్బాలో పెట్టి, ఇల్లంతా పీకి పందిరేశాను."

"అయితే ఈ ఆకుపచ్చది చూడండి" అంది సరోజిని. ఆ వాలెట్ వేలిముద్రతో, పిన్‌తో తెరుచుకుంటుంది. రాసి దాచుకోవాల్సింది ఏమీ లేదు. దానికి బదులు మనం నమ్మినవాళ్లను ముగ్గురిని గార్డియన్లుగా పెట్టుకోవాలి. ఫోన్ పోతే, కొత్త ఫోన్‌లో వాలెట్ తెరవడానికి వాళ్లలో ఇద్దరు ఒప్పుకోవాలి. గార్డియన్లు మన కాయిన్లు ముట్టుకోలేరు, ఇతను ఫలానా మనిషేనని సాక్ష్యం మాత్రం చెప్పగలరు. కోడ్ బాగుంది, కంపెనీ బాగుంది, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల గొడవ కూడా రంగు బాగాలేదనే. ముందు కాయిన్‌లో చిన్న ముక్క పంపి చూశారు. చేరింది.

ఇక గార్డియన్ల పేర్లు పెట్టాలి. సుధాకరరావు మొదటిది కీర్తిక అని పెట్టాడు. రెండోది యార్డులో తనతో పనిచేసిన జనార్ధనరావు. మూడో పేరు దగ్గర వేలు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాడు. పండగ శుభాకాంక్షలు పంపేవాళ్లు వందలమంది. కళ్లు మూసుకుని నమ్మదగ్గ మూడో మనిషి ఎవరంటే, తడుముకోవాల్సి వచ్చింది. తడుముకున్నాక ఒక్క పేరే తోచింది. ఆ మనిషి ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటోంది.

"మీరు ఉంటారాండి?" అన్నాడు, గొంతు సవరించుకుని.

సరోజిని గ్లాసు కింద పెట్టింది. వెంటనే సరే అంటుందనుకున్నాడు.

"ఆలోచించి చెప్తనండి. ఊకె పేరు పెట్టుడు కాదు కద, బాధ్యత" అంది.

ఆ రోజంతా సుధాకరరావుకి ఏమీ తోచలేదు. అడగకుండా ఉండాల్సిందా, పరిచయమై ఎన్నాళ్లయిందని అడిగాను అనుకుంటూ కూర పోపు మాడబెట్టాడు. మర్నాడు ఆమె వస్తూనే, "సరే, ఉంటా. నాకు కూడ మీరు ఉండాలె మరి" అంది. ఆయన ఆ పూట కోపీతోపాటు కొబ్బరి జామ్ రాసిన కాయా టోస్ట్ కూడా తెచ్చాడు.

గార్డియన్ల పేర్లు చూసిన కీర్తిక ఊరుకోలేదు. "హూ ఈజ్ సరోజిని ఆంటీ? నాన్నా, ఆర్ యు డేటింగ్ ఆర్ వాట్?"

"గార్డియనమ్మా, గార్డియన్!" అన్నాడు ఆయన. అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాడు.

కాయిన్లు మార్చడం పూర్తయింది. ఫోన్ క్లాసులు కూడా అయిపోయాయి. అప్పుడు మొదలైంది అసలు ఇబ్బంది. పొద్దున్నే హాకర్ సెంటర్‌కి వెళ్లడానికి ఇప్పుడు కారణం లేదు. ఊరికే రమ్మంటే ఏమనుకుంటుందోనని ఆయన పిలవలేదు. ఆమె కూడా పిలవలేదు. ఇంట్లో కాఫీ రుచిగా లేదనిపించింది.

మూడు నాలుగు రోజులయ్యాక, పాంగ్ సువా చెరువు పక్కన నడుస్తుంటే నీటికుక్కల గుంపు కనిపించింది. పిల్లలతో సహా గట్టుమీద దొర్లుతున్నాయి. సరోజినికి మెసేజ్ పెట్టడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదనుకుని, ఫోటో కోసం కమ్మీల మీంచి బాగా వంగాడు. ఒక నీటికుక్క తలెత్తి చూసింది. ఆయన చేయి జారింది. ఫోన్ బుడుంగుమని చెరువులోకి వెళ్లింది.

వెంటనే మాల్‌కి వెళ్లి కొత్త ఫోన్ కొన్నాడు. పాత నంబరు రేపటికిగానీ రాదన్నారు. షాపులోనే కూర్చుని ఆకుపచ్చ వాలెట్ దించుకుని, వాలెట్ తిరిగి ఇప్పించమని గార్డియన్లకు వినతి పంపాడు. కీర్తిక ఏ మీటింగులో ఉందో ఏమో, క్షణంలో ఒప్పేసుకుంది. జనార్ధనరావు ఇండియా యాత్రల్లో ఉన్నాడు, నెట్ లేదు. ఇక సరోజిని మీదే అంతా ఆధారపడి ఉంది. ఎంతసేపు చూసినా ఆమె దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

షాపువాణ్ణి బతిమాలి అతని ఫోన్‌లోంచి ఆమెకి చేశాడు. నంబరు గుర్తుంది. ఎందుకు గుర్తుందో ఆయనకే ఆశ్చర్యంగా ఉంది.

"హలో, నేనండి, సుధాకరరావుని. ఫోన్ చెరువులో పడిపోయింది. కొంచెం ఆ వాలెట్ అప్రూవ్ చేస్తారా?"

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేశాడు.

"చూడు నాయనా, గొంతు అచ్చం ఆయన లెక్కనే పెట్టినవు. ఈ రోజుల్ల గొంతులు కూడ తయారు చేస్తున్నరంట. పోలీసులకు చెప్తా" అంది సరోజిని.

"అయ్యో, నేనేనండి! కావాలంటే ఏదన్నా అడగండి."

"నేను ఒక రోజు సకినాలు తెచ్చిన. ఎట్లున్నయి?"

సుధాకరరావు ఇరకాటంలో పడ్డాడు. తిన్నరోజు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. ఇప్పుడూ అదే అంటే, ఏ దొంగైనా అదే అంటాడు.

"నిజం చెప్పమంటారా? రాళ్లలా ఉన్నాయండి. నా కట్టుడు పన్ను కదిలింది. మీరు బాధపడతారని చెప్పలేదు."

"హాకర్ సెంటర్‌కి రండి. మొహం చూపియ్యండి" అని ఫోన్ పెట్టేసింది.

ఆయన వెళ్లేసరికి ఆమె ఫ్యాను కింద బల్ల దగ్గర చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఏ పన్ను?"

ఆయన నోరు తెరిచి చూపించాడు.

"సరే. మీ బిడ్డ ఒప్పుకున్నదా?"

"క్షణంలో ఒప్పుకుందండి."

"అడిగింది మీరేనా కాదా అని ఏమన్న చూసిందా? లేదా? ఆమె నంబరు చెప్పండి."

కీర్తిక ఫోన్ ఎత్తగానే సరోజిని చైల్డ్‌కేర్ టీచరైపోయింది. "ఏమ్మా, నేను సరోజినిని. అడిగింది మీ నాన్న కాకపోతే ఏమైతుండె? ఎవరో ఏందో చూడకుండ నొక్కుడేనా? గార్డియన్ అంటే ఊకె పేరుకా?"

అటునుంచి చిన్నగా, "సారీ ఆంటీ" అని వినిపించింది. ఆ తర్వాత, "మరి మీరు అప్రూవ్ చేశారా?"

"ఇంకా లేదు. ఎదురుంగనే కూసున్నరు. చూస్తున్న."

కీర్తిక పడీపడీ నవ్వింది. "వీడియో పెట్టండి ఆంటీ. నేనూ చూస్తాను."

ఇద్దరూ కలిసి సుధాకరరావుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. చొక్కా ఇస్త్రీ చేసుకోలేదేమని కూతురు అడిగింది. మనిషి చిక్కిపోయాడని సరోజిని అంది. అదంతా అయ్యాక ఆమె ఫోన్ తీసి, అక్షరం అక్షరం చదివి, వేలిముద్ర వేసింది. కొత్త ఫోన్‌లో ఆకుపచ్చ వాలెట్ తెరుచుకుంది. కాయిన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎన్ని ఉన్నాయో ఆయన సరిగా చూడనే లేదు.

కీర్తిక ఫోన్ పెట్టేసింది. పక్క స్టాల్‌లో ఎవరో నూడుల్స్ వేయిస్తున్న చప్పుడు గట్టిగా వినిపిస్తోంది. సరోజిని లేవబోయింది.

"ఒక్క నిమిషం ఉండండి" అన్నాడు సుధాకరరావు. యార్డులో ఎన్ని మీటింగుల్లోనో మాట్లాడిన మనిషికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. "వాలెట్ దొరికింది. క్లాసులూ అయిపోయాయి. మీరు లేకపోతే పొద్దున్న ఏమీ బాగోలేదండి. రేపట్నుంచి మనం ఇక్కడికి ఏ పని మీద రావాలంటారు?"

సరోజిని ఆయన వంక చూసింది. కోపమో, నవ్వో, ఆయనకి అంతుపట్టలేదు.

"పనుంటేనే వస్తరా మీరు? నేను మొన్నట్నుంచి రోజూ వస్తనే ఉన్న" అంది. మళ్లీ కూర్చుని, "ఆకలైతున్నది. ముందు ఏమన్న తిందాం, తీసుకురండి. మెత్తగ ఉన్నదే" అంది.

సుధాకరరావు నవ్వుకుంటూ, పర్సు కోసం జేబులు తడుముకుంటూ స్టాళ్ల వైపు నడిచాడు.