నాలుగో సంతకం

గోడలు కూలిపోతాయన్న మనుషులు ఒక్క గోడనైనా తట్టి చూడలేదు. గ్రౌండులోకి పోయి టేపు పట్టి కొలిచారు.

నేను చూసా. నా పేరు దేవమణి. నందిగామ నుంచి జగ్గయ్యపేట పోయే హైవే పక్కన మా ఊరు. ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది నేనే. ఆ పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి బయటికొచ్చేసరికి ఇద్దరు ఆఫీసు మనుషులు గోడల మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు గీస్తున్నారు. ఒక్క గదిలోకైనా తొంగిచూడలేదు. తర్వాత రోడ్డు నుంచి వెనక కాంపౌండు దాకా కొలతలు. టేపు రెండో కొస పట్టుకున్నవాడు ఆఫీసు మనిషి కాదు, చిన్నబాబుగారి గుమస్తా.

చిన్నబాబుకి ముప్ఫై ఎకరాల మిరపతోట ఉంది. స్కూలు వెనకున్న ఆరెకరాలూ ఆయనవే. ఆ ఆరెకరాలకి హైవే మీదికి దారి లేదు. మధ్యలో మా పిల్లల స్కూలుంది.

మర్నాడు హెడ్మాస్టరు వరప్రసాదరావు తల్లిదండ్రుల్ని వరండాలోకి పిలిపించాడు.

"బిల్డింగు ప్రమాదంలో ఉందమ్మా. సోమవారం నుంచి పిల్లలంతా హైవే అవతల స్కూలుకి వెళ్ళాలి. ఆరు కిలోమీటర్లు. మీరంతా ఒప్పుకున్నారు కూడా."

"ఎవడొప్పుకున్నాడు?" స్తెఫను అరిచాడు. సిమెంటు గోడౌన్లో బస్తాలు మోసే మనిషి, గొంతు పెద్దది.

హెడ్మాస్టరు కాగితాలు చూపించాడు. పైది టైపు కొట్టిన తీర్మానం. కింద ఇంకో కాగితం నిండా సంతకాలు. మొదటిది గ్రేసీది. కోతలకెళ్ళే మనిషే, తల్లిదండ్రుల కమిటీకి చైర్మన్‌గా మేమే ఎన్నుకున్నాం. కూతురు జాయిస్ టెన్త్ చదువుతోంది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే. కానీ దీనికి పెట్టలా."

"మరి దేనికి పెట్టావు?"

"గుర్తు రావట్లా స్తెఫనన్నా."

అంతే, జనం గోల లేపారు. నేను ఆమె భుజం మీంచి కాగితంలోకి చూసా. నాలుగో సంతకం నాది.

జనం వెనక్కి జరిగా. అందరి కళ్ళూ మొదటి పేరు దగ్గరే ఆగిపోయాయి. ఈలోపు హెడ్మాస్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బతికిపోయా అనుకున్నా.

ఆ నాలుగు రోజులూ మా పేటలో మనిషిని మనిషి నమ్మలేదు. కోతలకెళ్ళే ఆటోలో గ్రేసీ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఆమె మొగుడికి చిన్నబాబు డ్రైవరు పని ఇస్తానన్నాడట అని ఒకరు, బాబుగారి గుమస్తా వాళ్ళింటికి రెండుసార్లు వచ్చాడట అని ఇంకొకరు. ఎవరు చూశారని అడిగితే ఎవరూ చూడలేదు. జాయిస్ క్లాసులో ఒక్కతే ఒక బెంచీ మీద కూర్చుంది. నేను అన్నం వడ్డిస్తుంటే ఆ పిల్ల, "ఆంటీ, మా అమ్మ అట్టాంటిది కాదు, నీకు తెలుసుగా" అంది. తలదించుకుని సాంబారు పోసా.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు మీటింగు పెట్టారు. స్తెఫను లేచాడు.

"ముందు గ్రేసీని కమిటీలోంచి తీసెయ్యాలి. ఆ తర్వాతే స్కూలు మాట!"

"తీసెయ్యండి" అంది గ్రేసీ. "కానీ స్కూలు పోతే హైవే దాటి పొయ్యేది నా కూతురొక్కతే కాదు. ఎంతమంది ఆడపిల్లల్ని పంపుతారు మీరు? ఎంతమందిని మిరపతోటకి పంపుతారు?"

ఇక నావల్ల కాలేదు. లేచా.

"ఆ కాగితంలో నాలుగో సంతకం నాది."

జనం నా వైపు తిరిగారు.

"దసరాకి ముందు, పిల్లల భోజనంలోకి గుడ్లు సరిగ్గా వస్తున్నాయని హెడ్మాస్టరుగారు తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకున్నారు. మేటరు తర్వాత టైపు చేయిస్తామన్నారు. ఆ రోజు నేను పెట్టా, గ్రేసీ పెట్టింది. ఇంకా చాలామంది పెట్టారు. గుర్తు తెచ్చుకోండి."

ముసలి రత్తమ్మ నెమ్మదిగా, "నేను వేలిముద్రేశా" అంది. వెనకనుంచి ఇంకో గొంతు, "మా ఆవిడా పెట్టింది." తర్వాత ఇంకొకరు.

గ్రేసీ నా దగ్గరికొచ్చింది. "నాలుగు రోజుల్నుంచి నీకు తెలుసా?"

"తెలుసు."

"నీ సంగతి తర్వాత చూసుకుంటా. ముందు స్కూలు సంగతి చూద్దాం."

చిన్నబాబు మమ్మల్ని కొట్టలేదు, తిట్టలేదు. మా మధ్యకి ఒక్క అనుమానాన్ని వదిలాడు. మిగతా పనంతా మేమే చేసిపెట్టాం. విద్యార్థులారా, కూలి బిడ్డలారా, మీ దాకా వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

"చిన్నబాబు తోటలో కాయ పండింది. ఎవరు కోస్తారో చూద్దాం" అంది రత్తమ్మ.

"పనికి పోకపోతే ఏం తింటాం పిన్నీ?" అన్నాడు స్తెఫను.

"మనం వారం ఆగగలం. కాయ ఆగదు" అంది గ్రేసీ.

సోమవారం బెంచీలు ఎత్తుకుపోవడానికి ట్రాక్టరు వచ్చింది. ప్రతి బెంచీ మీదా పిల్లలున్నారు, వాళ్ళ పక్కన తల్లులున్నారు. కమలాకుమారి టీచరు బోర్డు మీద లెక్క వేస్తూనే ఉంది. హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడి, "మేడమ్, సస్పెండ్ అవుతారు" అన్నాడు.

"ఈ లెక్క అయ్యాక మాట్లాడదాం సార్."

మధ్యాహ్నానికి పోలీసులొచ్చారు. ఎస్సై గ్రేసీనీ స్తెఫనునీ జీపెక్కించాడు. జాయిస్ ఏడుస్తూ వెంట పరిగెత్తబోతే గ్రేసీ జీపులోంచి, "క్లాసులోకి పో! బెంచీ వదలొద్దు!" అని అరిచింది. పిల్ల ఆగింది. కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళింది.

మంగళవారం పొద్దున్నే పరిటాల వైపు నుంచి మూడు ఆటోలు వచ్చాయి. నిండా కోత కూలీలు. చిన్నబాబు పిలిపించాడు. మేం రోడ్డుకడ్డంగా నిలబడ్డాం. వాళ్ళు మమ్మల్ని నమ్మలేదు, మేం వాళ్ళని నమ్మలేదు.

"మా కూలి మీరెందుకు ఆపుతారమ్మా?" ముందు ఆటోలోని బసవమ్మ కసిరింది.

మొత్తం చెప్పా. నా సంతకం సంగతి, నేను దాచిన సంగతి కూడా.

"మా తోడికోడలి కూతురు బడి దూరమైపోయి మానేసింది. ఇప్పుడు ఈ వెనక ఆటోలోనే ఉంది" అంది బసవమ్మ.

వెనక ఆటోలోంచి పద్నాలుగేళ్ళ పిల్ల దిగింది. తర్వాత బసవమ్మ దిగింది. తర్వాత అందరూ దిగారు. ఖాళీ ఆటోలు వెనక్కి తిరిగాయి.

"మీవాళ్ళని ఏ స్టేషన్లో పెట్టారు?" బసవమ్మ అడిగింది.

"నందిగామ."

"అయితే ఇక్కడ నిలబడ్డారెందుకు? పదండి."

హైవే మీద నడుస్తుంటే లారీలు పక్కకి జరిగి మాకు దారిచ్చాయి. దారిలో ఊళ్ళవాళ్ళు కలుస్తూనే ఉన్నారు. చిన్నబాబు తోటలో ఆ రోజు ఒక్క కాయ తెగలేదు. మేం నందిగామ చేరేసరికి ఎంతమందిమయ్యామో లెక్కపెట్టడం ఎస్సై వల్ల కాలేదు. స్టేషను గేటు లోపలికి పోయి గడియ పెట్టుకున్నాడు.