తెరుచుకోని ఎక్స్‌రే

పళ్ల డాక్టర్ తలుపు తోసుకుని ఆఫీసులోకి వచ్చేసరికి తోటికోడళ్లిద్దరూ చెరో మూల కూర్చుని పని చేసుకుంటున్నారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే ఆఫీసుకు వస్తూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా రోజు గడిపేయడం వాళ్లకు అలవాటైపోయింది. పెద్దామె ప్రోగ్రాం రాస్తుంది. చిన్నామె దాన్ని పరీక్షించి తప్పులు పడుతుంది. ఆఫీసులో పట్టిన తప్పు ఇంట్లో కూర గిన్నెల దగ్గర మళ్లీ లేస్తుంది. వాళ్ల అత్తగారు ఇద్దరికీ సర్దిచెప్పడం ఎప్పుడో మానేసింది.

"మీ వెబ్‌సైట్ రాసిందెవరు?" అన్నాడు డాక్టర్, నిలబడే.

స్కానింగ్ సెంటర్‌లో తీసిన ఎక్స్‌రేలను డాక్టర్లు తమ గదిలోంచే డౌన్‌లోడ్ చేసుకునేలా ఆ కంపెనీ జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒక వెబ్‌సైట్ తయారుచేసింది. సోమవారం నుంచి ఏ ఎక్స్‌రే దించుకున్నా తెరుచుకోవడం లేదు. ఫోన్ చేస్తే కంప్యూటర్ మార్చి చూడమన్నారు. ఆ పొద్దున డాక్టర్ పాత ఎక్స్‌రే చూసి ఒక ముసలాయనకు పన్ను పీకాడు. నొప్పి తగ్గలేదు. చెడిపోయింది పక్క పన్ను.

"ఆయన దవడ పట్టుకుని నా గది బయట కూర్చున్నాడు. ఏం చెప్పమంటారు నన్ను?"

మేనేజర్ పరుగున వచ్చి డాక్టర్‌ను తన గదిలో కూర్చోబెట్టాడు. తర్వాత తోటికోడళ్లిద్దరినీ ల్యాప్‌టాప్‌లతో సహా మీటింగ్ గదిలోకి పిలిచాడు.

"తప్పెవరిదో ఇవాళ తేలాలి. తేలాకే ఇంటికి" అని తలుపు వేసి వెళ్లాడు.

"బాగుందని చెప్పింది నువ్వేగా" అంది పెద్దామె.

"గురువారం ఇచ్చింది చూసి చెప్పాను. ఎక్స్‌రేలు తెరిచి మరీ చూశాను. ఆ తర్వాత మీరేం కలిపారో మీకే తెలియాలి, మేడమ్."

ఆఫీసులో కూడా ఎప్పుడూ అక్కా అనే పిలిచేది. ఆ 'మేడమ్' పెద్దామెకు గట్టిగానే తగిలింది.

"నేనేం కలపలేదు. ఆయన బ్రౌజర్‌లో ఏదో ఉంటుంది."

"అయితే ఇది చూడండి." చిన్నామె తన ల్యాప్‌టాప్‌లోకి ఆ ముసలాయన ఎక్స్‌రే దించింది. సర్వర్‌లో ఉన్న ఫైల్ కంటే దించుకున్న ఫైల్ దాదాపు రెట్టింపు ఉంది. "దారిలో పొంగడానికి ఇదేమన్నా పిండా?"

పెద్దామె ఆ ఎక్స్‌రేను తన ల్యాప్‌టాప్‌లోకి కూడా దించుకుంది. పాడైన ఫైల్‌ను లోపలి అంకెలు, అంటే బైట్లు, కనిపించేలా తెరిచింది. పై నుంచి కింది దాకా అవే మూడు బైట్లు, చీమల బారులా. ఆమెకు వెంటనే అర్థమైంది. బొమ్మను ఎవరో అక్షరాలుగా చదివారు. చదవడం కుదరని ప్రతిచోటా ఆ మూడు బైట్ల గుర్తు పడింది. కానీ తను రాసిన డౌన్‌లోడ్ భాగం అక్షరాల జోలికే పోదు, బైట్లను ఉన్నవి ఉన్నట్టు పంపుతుంది. అంటే అది దాటాక మధ్యలో ఇంకేదో ఉంది.

ఆమె ఫైల్ అడుగుకు వెళ్లింది. ఆ చెత్తంతా అయ్యాక, చివర్లో, శుభ్రంగా ఒక వాక్యం ఉంది: మీ చిరునవ్వే మా సంతోషం.

ఇద్దరూ ఒక్కసారే చదివారు. శుక్రవారం మీటింగ్‌లో మేనేజర్ చెప్పుకున్న వాక్యమది. ప్రతి పేజీ అడుగునా వచ్చేలా స్వయంగా తనే ఫిల్టర్ అనే చిన్న ప్రోగ్రాం రాసి పెట్టానని, చెయ్యి ఇంకా మొద్దుబారలేదని నవ్వాడు కూడా. ఆ ఫిల్టర్ పేజీనీ ఎక్స్‌రేనీ ఒకే గాటన కట్టి, బయటికెళ్లే ప్రతిదాన్నీ అక్షరాలుగా మార్చి, తోక తగిలించి పంపుతోంది.

పిలిచి చూపిస్తే మేనేజర్ వెనక్కి తిరిగి తలుపు వేసి వచ్చాడు. "సరే, ముందు బాగుచెయ్యండి" అన్నాడు.

బొమ్మల ఫైళ్లు ఆ ఫిల్టర్ గుండా పోకుండా పెద్దామె మార్చింది. చిన్నామె దించి చూసింది. డాక్టర్‌ను పిలిచారు. తెర మీద ముసలాయన దవడ స్పష్టంగా కనిపించింది, పక్క పంటి పగిలిన వేరుతో సహా.

"ఎవరి నిర్వాకం ఇది?" అన్నాడు డాక్టర్.

"పరీక్షించే అమ్మాయి సరిగ్గా చూడలేదండి. నేను చర్య తీసుకుంటాను" అన్నాడు మేనేజర్, ఏమాత్రం తడబడకుండా.

చిన్నామె మొహం ఎర్రబడింది. పెద్దామె వైపు తిరిగింది. "ఆ పాడైన ఫైల్ అడుగున ఏముందో డాక్టరుగారికి చూపించు, అక్కా."

ఫైల్ ఇంకా పెద్దామె ల్యాప్‌టాప్‌లో తెరిచే ఉంది. మేనేజర్ ఆమె వంకే చూస్తున్నాడు. టీమ్ ఎవరికి అప్పగించాలో ఆయన ఆ నెలలోనే తేల్చాలి. పెద్దామె ల్యాప్‌టాప్ మూసింది.

"ఇప్పుడు లేదు. తీసేశాను" అంది.

డాక్టర్ చిన్నామెను తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లాడు.

మరుసటి వారం చిన్నామెను ఫిర్యాదుల ఫోన్లెత్తే పనిలో వేశారు. టీమ్ పెద్దామెకు వచ్చింది. ఆ రాత్రి వంటింట్లో పెద్దామే ముందుగా మాట కలిపింది.

"నేను చెప్తే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి. ఇల్లు గడవద్దా?"

"మనిద్దరిదీ ఒకే ఇల్లనుకున్నాను ఆ పూట" అంది చిన్నామె, స్టవ్ మీది గిన్నె దించుకుంటూ.

తర్వాత ఆమె ఇంకోచోట ఉద్యోగం చూసుకుంది. వేరే కాపురం పెట్టింది. సామాను బండికెక్కించాక అత్తగారికీ బావగారికీ చెప్పి వచ్చింది. పెద్దామె గుమ్మంలోనే నిలబడి ఉంది. చిన్నామె ఆమెను దాటుకుని వెళ్లి బండెక్కింది.