రెండు నిమిషాల ఇరవై సెకన్లు

మరాఠీ రాష్ట్రంలోని లాల్‌పేట్‌లో, ఓ మరాఠీ బడిలో నేను పి.టి. సారును. పేరు అనంతరావు. పిల్లల చేత పరుగులు తీయించడం నా ఉద్యోగం. మొన్న జనవరిలో ఆ పని కూడా కుర్చీలో కూర్చునే చేశాను.

ఎనభై ఆరు మంది పిల్లల ఫిట్‌నెస్ పరీక్ష ఫలితాలు రాష్ట్ర విద్యాశాఖ పోర్టల్‌లో ఎక్కించడానికి ఆ రోజే ఆఖరి తేదీ. అంతకు ముందు నెల రోజులు గడువు ఇచ్చారు, నేనే బద్ధకించాను. ఇక హాజరు పట్టీ ముందేసుకుని అంకెలు వేస్తూ పోయాను. ఆరు వందల మీటర్ల పరుగుకు సన్నగా ఉన్నవాళ్లకు రెండున్నర నిమిషాల లోపు, బొద్దుగా ఉన్నవాళ్లకు మూడున్నర. ఏడో తరగతి శ్రావణి పుల్లలా ఉంటుంది. రెండు నిమిషాల ఇరవై సెకన్లు రాశాను. మన తెలుగు పిల్ల కదా అని ఇంకో పది సెకన్లు తగ్గిద్దామా అని కూడా ఆలోచించాను. నాలుగింటికల్లా పని పూర్తయింది. హెడ్మాస్టర్ భుజం తడితే సిగ్గులేకుండా నవ్వాను.

ఫిబ్రవరిలో ఆ అంకెలు కార్డులుగా అచ్చయి పిల్లల ఇళ్లకు వెళ్లాయి. వారం తర్వాత శ్రావణి తండ్రి సమ్మన్న కూతుర్ని వెంటబెట్టుకుని పేడాల మిఠాయి డబ్బాతో వచ్చాడు. బొగ్గు గనిలో పని చేస్తాడు.

"తీస్కోండ్రి సార్. బిడ్డకు దమ్ము బీమారి పోయింది. దవాఖాన్ల ఉరకనే వద్దన్నరు. మీ కాయిదంల చూస్తే గింత మంచిగ ఉరికిందాయె! గందుకే పీల్చే పంపు బంద్ చేపిచ్చిన. వారమాయె."

నమలబోతున్న పేడా నా నోట్లోనే ఆగిపోయింది. శ్రావణి భుజాలు ఎగదీస్తూ ఊపిరి పీలుస్తోంది. ఛాతీలోంచి వస్తున్న పిల్లికూత నాకు వినబడుతూనే ఉంది.

"నేను ఉరకలే బాపూ అన్నది సార్. ఒక్కటిచ్చిన. సారు అబద్ధం రాస్తడా అని."

ఆ పిల్ల నా మొహం చూడలేదు. నా బూట్లనే చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టర్ని ఇంకోసారి అడగమని చెప్పి తప్పించుకుందామనీ అనిపించింది. అదీ నా బుద్ధి.

"సమ్మన్నా, పంపు ఇప్పుడే ఇయ్యి. శ్రావణిని నేను ఉరికియ్యలే. ఎవ్వల్నీ ఉరికియ్యలే. కూసోని రాసిన."

సమ్మన్న తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మరాఠీ సారైతే ఒకటికి రెండు సార్లు అడుగుతుంటి," అన్నాడు. "నువ్వు మనోడివని అడగలే."

డబ్బా అక్కడే వదిలేసి, కూతుర్ని బండెక్కించుకుని పంపు కోసం ఇంటికి దూసుకుపోయాడు.

శ్రావణి నాలుగు రోజులు బడికి రాలేదు. ఒక్క పిల్ల అంకె దిద్దితే సరిపోతుంది కదా అన్నారు హెడ్మాస్టర్. నేను వినలేదు. ఎనభై ఆరూ కల్పితమేనని జిల్లా విద్యాధికారికి రాసి సంతకం పెట్టాను. నాకు నోటీసు వచ్చింది. పరీక్ష మళ్లీ పెట్టమన్నారు.

మార్చిలో శ్రావణిని మెట్ల మీద నీడలో కూర్చోబెట్టి స్టాప్‌వాచ్ చేతికిచ్చాను. అలాగైనా మనసు కరుగుతుందని నా ఆశ. మొదటి పిల్లవాడు పరుగు ముగించాడు. ఆమె సమయం చదివింది, నేను రాసుకున్నాను. తర్వాతి పిల్లను పిలవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం రాసిండ్రో చూపియ్యుండ్రి సార్."

రిజిస్టర్ ఆమె వైపు తిప్పాను. అంకె మీద వేలు పెట్టి చదివి, సరే అన్నట్టు తలూపింది. పరీక్ష మూడు రోజులు సాగింది. రిజిస్టర్ ఎనభై అయిదు సార్లు తిప్పాను.