పురిటి గుమ్మం

మెట్ల మీద హాజీ షౌకీ చెప్పుల చప్పుడు వినగానే కల్తూమా చేతిలోని జావగిన్నె కింద పెట్టేసి తలుపు గడియ వేసింది. ఆ గడియ ఎంతసేపు ఆగుతుంది? గట్టిగా తోస్తే ఊడి చేతికొస్తుంది. అందుకని మూలనున్న గ్యాస్ సిలిండరును ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టింది.

"ఎవరమ్మా?" అంటూ కూతురు తయ్యిబా మంచం మీంచి లేవబోయింది.

"ఎవరూ కాదు. నువ్వు కదలకు. పిల్లకి పాలియ్యి."

"పాలు పడటం లేదమ్మా. పొద్దుట్నించీ పీకి పీకి ఏడుస్తోంది."

"భయంతో అలాగే ఉంటుంది తల్లీ. మనసు కుదుటపడితే అవే పడతాయి" అంది కల్తూమా. అంటూనే సిలిండరుని రెండు చేతులా నొక్కి పట్టుకుంది.

పురుడు జరిగి ఇవాళ్టికి ఏడో రోజు. ఇవాళే శుక్రవారం. శుక్రవారం నమాజు అయ్యేసరికి గది ఖాళీ కాకపోతే సామాను వీధిలో ఉంటుందని ఇంటివాడు హాజీ షౌకీ మొన్ననే చెప్పిపోయాడు. సామాను పోతే పోనీ. ఖార్తూమ్‌లో యుద్ధానికి భయపడి ఇంటికి ఇల్లే వదిలేసి కైరోకి పారిపోయి వచ్చిన మనిషికి రెండు పరుపులూ ఒక స్టవ్వూ ఓ లెక్కా! కానీ ఆ సామానుతో పాటు పచ్చి బాలింతా, ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డూ ఈ జనవరి చలిలో వీధిన పడతారు. అల్లుడు సరిహద్దుకి అవతల ఎక్కడున్నాడో, అసలున్నాడో లేడో దేవుడికే తెలియాలి. ఎవరితోనైనా మొరపెట్టుకుందామా అంటే శరణార్థి కార్డు గడువు తీరిపోయింది, కొత్త కార్డుకి రమ్మన్నది ఎండాకాలంలో. పోలీసు మెట్లెక్కితే మొదట అడిగేది ఆ కార్డే. అది తెలిసే హాజీకి అంత ధీమా.

అసలు సంగతి అద్దె. నాలుగువేల పౌండ్లకి ఇచ్చిన ఈ పైఅంతస్తు గదికి ఇప్పుడు తొమ్మిదివేలు ఇస్తామనేవాళ్లు దొరికారు. ఆ మాట పైకి అంటే మేడలో ఉన్నవాళ్లందరూ ఉలిక్కిపడతారు కదా, రేపు తమ వంతేనని. అందుకని, పొగ పెట్టి మేడ తగలబెడతారని వంక పెట్టుకున్నాడు.

ఆ పొగ కథ తలచుకుంటే కల్తూమాకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్ల వైపు బాలింతకి ధూపం పట్టాలి. మట్టికుండలో తుమ్మచెక్క రాజేసి, దాని మీద బాలింతని కూర్చోబెట్టి, మందపాటి దుప్పటి కప్పాలి. నడుము గట్టిపడుతుంది, ఒళ్లు నిలబడుతుంది. మూడో రోజున కూతురికి అదే చేస్తోంది. కిటికీలోంచి పొగ బయటికి వెళ్లిందో లేదో, కింది అంతస్తులో కూరగాయలమ్మే ఇన్షిరాహ్ "అయ్యో నిప్పు! నిప్పంటుకుంది!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. అరిచి ఊరుకుందా, బకెట్టు నీళ్లతో మెట్లెక్కి వచ్చి, దుప్పట్లో కూర్చున్న బాలింత నెత్తిన గుమ్మరించింది.

సంగతి తెలిశాక ఇన్షిరాహ్ ముఖం పాలిపోయింది. "నాకేం తెలుసమ్మా! పిల్ల కాలిపోతోందనుకున్నా" అని లెంపలేసుకుంది. సాయంత్రం మెంతికషాయం కాచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. కల్తూమా ఆ గిన్నె ముట్టుకోలేదు. ఆ కేక విని వచ్చినవాడే హాజీ. ఆ కేకే వాడి చేతికి సాకు ఇచ్చింది. పైగా వచ్చిన కొత్తలో "మీవాళ్లు వచ్చాకే అద్దెలు మండిపోతున్నాయి" అని ముఖం మీద అన్న మనిషి ఆవిడ. ఆవిడ కషాయం తాగాలా? అయినా తయ్యిబా తాగింది, గిన్నె నాకి మరీ తాగింది.

చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. తలుపు సందులోంచి అత్తరు వాసన గుప్పుమంది.

"కల్తూమా! తియ్యి తలుపు. మర్యాదగా చెబుతున్నా."

ఆమె తలుపు పగుల్లోంచి చూసింది. హాజీ వెనకాల కాపలావాడు బిషారీ ముసలాయన, చేతిలో గునపంతో, తల దించుకుని నిలబడ్డాడు. పొద్దున్నే వేడి రొట్టెలు తెచ్చిచ్చింది ఆయనే. కోసేసిన చేనులోని మోళ్లలా వారం నాటి తెల్లగడ్డం చూసి "అదేంటి బాబాయ్, శుక్రవారం కదా, గీయించుకోలేదా?" అని తను వేళాకోళమాడింది కూడా. "పండక్కి గీయించుకుంటాలే అమ్మా, మంగలి రేటు పెంచేశాడు" అని నవ్వాడు. ఆ మనిషే ఇప్పుడు గునపం పట్టుకొచ్చాడు.

"హాజీ గారూ! ఆగండి! లోపలికెళ్లకండి!"

కింద నుంచి ఇన్షిరాహ్ గొంతు. వెనకే మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల అడుగులు, ఇత్తడి రోలు గోడకి తగిలి ఖంగుమన్న చప్పుడు. ఈ రోలెందుకు తెస్తోంది ఈవిడ, తలుపు బద్దలుకొట్టడానికా అని కల్తూమా సిలిండరుని ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకుంది.

"నువ్వు పక్కకి జరుగమ్మా ఇన్షిరాహ్. నీకెందుకీ గొడవ?"

"ఇవాళ పిల్లకి ఏడో రోజండీ. జల్లెడ తెచ్చాం, రోలు తెచ్చాం. జల్లెట్లో పడుకోబెట్టి, చెవి దగ్గర రోలు మోగించి, 'అమ్మ మాట విను, అయ్య మాట వినకు' అని చెప్పొద్దూ?" అంటూనే ఆవిడ ఆగిపోయింది. గాలి గట్టిగా పీల్చింది. "ఇదేం వాసన హాజీ గారూ? మంగలి పూసే అత్తరులా ఉంది, వాడి దగ్గర్నుంచే వస్తున్నారా?"

"వస్తే?"

"వస్తే ఏమిటండీ! అప్పుడే గడ్డం గీయించుకున్న మగాడు పచ్చి బాలింత గడప తొక్కుతాడా? పాలెండిపోవూ!"

వెనకనున్న ఆడవాళ్లు ఒక్కసారే "అయ్యో అయ్యో" అన్నారు.

"ఆ చాదస్తాలు నా దగ్గర కాదు" అన్నాడు హాజీ.

"మీ దగ్గరే నేర్చుకున్నాం. పోయినేడు మీ అమ్మాయి దలాల్ పురిటికొచ్చినప్పుడు, నున్నగా గీయించుకొచ్చాడని సొంత తమ్ముణ్ణి ఈ మెట్ల మీంచే వెనక్కి తోలలేదూ? మేడంతా వినేలా తిట్టారు. 'నా మనవడి పాలు ఎండగొడతావురా' అన్నారు. అన్నారా లేదా?"

హాజీ గొంతు పెంచాడు. "అది నా కూతురు. వీళ్లెవరు? ఎక్కడి మనుషులు? రేపుంటారో లేదో!"

"పిల్ల ఎవరిదైనా తాగేది తల్లి పాలే కదండీ. ఎక్కడి మనుషులని చూసి పాలు ఎండకుండా ఉంటాయా?"

తలుపు అవతల కల్తూమా చెయ్యి సిలిండరు మీద సడలింది. తన ఊళ్లోనూ ఇంతే. శవం దగ్గర్నుంచి వచ్చిన మనిషిని బాలింత గుమ్మం దగ్గరే నిలిపి, కాళ్లు కడిగించేది నాయనమ్మ. ఆ నాయనమ్మ గొంతులోని గదమాయింపే ఇప్పుడు ఇన్షిరాహ్ గొంతులో వినిపిస్తోంది. ఇంతసేపూ ఆవిడ అరిచింది తన మీద కాదు, తన కోసమని తెలిసేసరికి కల్తూమాకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తనెంత తప్పుగా అనుకుంది!

హాజీ ఒక మెట్టు వెనక్కి తగ్గాడు. తన మాట తనకే అడ్డం పడ్డందుకు ముఖం జేవురించింది. నలుగురు ఆడవాళ్ల ముందు ఆ గడప తొక్కే ధైర్యం లేదు. తొక్కకుండా దిగిపోతే పరువు దక్కదు.

"సరే, నేను వెళ్లను. ఒరే బిషారీ! నువ్వెళ్లు. తలుపు పీకి సామానంతా కిందికి దించు."

లోపల పిల్ల ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. బిషారీ ఉండేది మెట్ల కిందనున్న అరలాంటి గదిలో. దూరాన అస్వాన్ దగ్గర పల్లెలో ముసలి భార్యా, ఇద్దరు మనవరాళ్లూ ఆయన పంపే డబ్బుల మీదే బతుకుతున్నారు. ఈ ఇరవై ఏళ్లలో హాజీ మాటకి ఆయన ఎదురు చెప్పగా విన్నవాళ్లు లేరు.

బిషారీ గునపాన్ని గోడకి ఆనించాడు. అరచేత్తో చెంప నిమురుకున్నాడు. తెల్లటి మోళ్లు చేతికింద గరగరమన్నాయి, ఆ చప్పుడు తలుపు లోపలికి కూడా వినిపించింది.

"నేనూ ఇవాళే గీయించుకున్నాను హాజీ గారూ" అన్నాడు.

"ఏంటీ?"

"ఇందాకే గీయించుకున్నానండీ. నేను కూడా వెళ్లకూడదు."

"కళ్లు నెత్తికెక్కాయా? నీ గడ్డం నాకు కనబడటం లేదనుకున్నావా? నీ గది తాళం రేపు ఎవరి దగ్గరుంటుందో చూసుకో!"

ముసలాయన చెంప మీంచి చెయ్యి తియ్యలేదు. "నున్నగానే ఉందండీ" అన్నాడు, మెల్లగా.

ఇన్షిరాహ్ రోలుని గుమ్మానికి అడ్డంగా దించి, బిషారీ ముఖంలోకి వంగి చూసింది. "నున్నగా ఉంది. అద్దంలా ఉంది" అంది. "అవునవును, నున్నగా ఉంది" అన్నారు వెనకున్న ఆడవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు.

సిలిండరు ఈడ్చిన చప్పుడైంది. గడియ తీసిన చప్పుడైంది. ఈ మేడలో ఆరునెలలుగా గోడవారగా నడిచి, ఎవరేమన్నా వినపడనట్టు పోయే కల్తూమా తలుపు బార్లా తెరుచుకుని గడప మీద నిలబడింది. హాజీ వైపు చూడలేదు. బిషారీ తెల్లగడ్డాన్ని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తీరిగ్గా చూసింది.

"అవును బాబాయ్" అంది అందరికీ వినపడేలా. "నున్నగానే ఉంది."