నా వెనకాల దాక్కున్న ముఖం

నేను ఒక కెమెరాని. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడివాళ్లు తెల్లటి చేతితొడుగులు వేసుకుని, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి నన్ను పెట్టెలో పడుకోబెట్టారు. ఆ గారాబానికే నాకు కళ్లు నెత్తికెక్కాయి. మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక పళ్ల డాక్టరు. అరకు తీసుకెళ్లి ఒక జలపాతాన్నీ నాలుగు కోతుల్నీ తీసి, తర్వాత బీరువాలో పెట్టి మర్చిపోయాడు. అక్కణ్నుంచి తునిలో స్టూడియో నడిపే నూకరాజు చేతికొచ్చాను.

పెళ్లికూతురి తరఫున ఫొటోలు తియ్యడానికి మేం వెళ్తే, పెళ్లికొడుకు తరఫున ఎలమంచిలి ఫొటోగ్రాఫరు బుర్హాన్ వచ్చేవాడు. తలంబ్రాల వేళ చోటు కోసం ఇద్దరూ మోచేతులతో పొడుచుకునేవారు. భోజనాల దగ్గర మాత్రం పక్కపక్కనే కూర్చుని ఒకరి విస్తట్లో ఒకరు గారెలు వేసుకునేవారు.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాల్లేవు, పనీ లేదు. ఒక పొద్దున నూకరాజు భార్య సత్యవేణి ఆల్బమ్‌లన్నీ ముందేసుకుని కూర్చుంది. మర్నాడు బడిలో పిల్లలంతా అమ్మానాన్నల ఫొటోలు గోడకి అంటించాలట.

"ఇదేటండీ? ఊరందర్నీ తీశారు, మీది ఒక్కటీ లేదు!"

"నాన్న లైసెన్సు మీద బొమ్మ ఉన్నాది కదమ్మా, అదే అంటించేత్తాను," అంది కూతురు జోషిత.

ఫొటోగ్రాఫరు కూతురు గోడ మీద ఆ బొమ్మా! పరువు పోయినట్టే. నూకరాజు వెంటనే బుర్హాన్‌కి ఫోన్ చేశాడు.

"నాకూ లేదు గురూ," అన్నాడు బుర్హాన్. "పెంటకోట బీచికి వచ్చెయ్. నిన్ను నేను తీస్తా, నన్ను నువ్వు తియ్."

ఆ సాయంత్రం వాళ్ల హుషారు చెప్పలేను. పడవలెక్కారు, అలల్లో గెంతారు. "గడ్డం దించు!" అని ఒకడంటే "ముందు నువ్వు దించు!" అని ఇంకొకడు. రెండువందల నలభై ఫొటోలు తీశాక పడవ అంచున కూర్చుని చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి ఒకరినొకరు తీసుకున్నారు! ఏ ఫొటోలోనూ ముఖం లేదు. నూకరాజు ముఖం ఉండాల్సిన చోట నేనున్నాను.

సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట నాకు ముచ్చటేసింది. ఎంత బాగున్నానో! అంతలో పైనుంచి నూకరాజు గొంతు వినిపించింది.

"పిల్లకేటి సెప్పను గురూ?"

నా మురిపెం అక్కడే చచ్చింది.

"దాన్ని దించి నిలబడు. వెలుతురు పోతంది," అన్నాడు బుర్హాన్. నూకరాజు నన్ను దించాడు గానీ, కొయ్యలా బిగుసుకుపోయాడు. వందలమందిని నవ్వమన్న మనిషికి తన ముఖాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. గబుక్కున మళ్లీ నన్నే కంటికి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా బ్యాటరీ అయిపోయింది. అతను ఊపాడు, తట్టాడు, ఊదాడు. చివరికి నన్ను కిందికి దించి, "సచ్చిపోయింది గురూ ఇది!" అని పగలబడి నవ్వాడు. బుర్హాన్ నొక్కేశాడు.

ఇప్పుడు నేను స్టూడియో అద్దాల అరలో ఉన్నాను, పాతబడి, పని మానేసి. బడి నుంచి తిరిగొచ్చిన ఆ ఫొటో ఎదుటి గోడకి ఉంది. చెదిరిన జుట్టు, నుదుటి మీద ఇసక, నోరంతా తెరిచిన నవ్వు. ఏ కెమెరాతో తీశారని వచ్చినవాళ్లు అడిగితే, నూకరాజు నాకేసి చూపించి, "ఇదైతే కాదండి," అంటాడు.

నాకు కోపం లేదు. పదకొండేళ్లు అతని చెంపకి ఆనుకునే బతికాను, నా చూపు మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ల మీదే. మా నూకరాజు ఎలా ఉంటాడో ఇప్పుడే తీరిగ్గా చూస్తున్నాను.